ఎక్కువ పవర్ ఉన్న ఈవీ 0-100లో ఎందుకు వెనకబడింది?

రెండు ఈవీలను (ఎలక్ట్రిక్ కార్లను) 0-100 టెస్ట్ చేస్తే, అంటే సున్నా నుంచి గంటకు 100 కి.మీ. వేగం అందుకునే సమయం కొలిస్తే, పవర్ ఎక్కువున్నదే వెనకబడిందని అడిగారు. ఛార్జ్ తేడా వల్లే అయ్యుంటుంది. మీరే రాశారు, ఒక కారు 90 శాతం, పవర్ ఎక్కువున్నది 35 శాతం అని. ఛార్జ్ తగ్గేకొద్దీ బ్యాటరీ వోల్టేజ్ పడిపోతుంది, మోటారుకు అందే పవర్ కూడా తగ్గుతుంది. మోటారును అనుమానించకండి.

1. రెండింటినీ 80 శాతం దాకా ఛార్జ్ చేయండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: బ్యాటరీ ఉష్ణోగ్రత. చల్లని సెల్స్‌లో అంతర్గత నిరోధం ఎక్కువ, అందుకే కారు తనంతట తానే పవర్‌ను తగ్గించుకుంటుంది. రెండు కార్లనూ కనీసం అరగంట నడిపాకే టెస్ట్ మొదలుపెట్టండి. అలాగని వెంటవెంటనే లాంచ్‌లు (ఆగి ఉన్న చోటు నుంచి ఫుల్ స్పీడ్‌తో దూకించడం) కొట్టొద్దు, మరీ వేడెక్కినా పవర్ తగ్గుతుంది. మధ్యలో కాస్త ఆగండి.

3. రెండింటిలోనూ స్పోర్ట్ మోడ్, కంపెనీ చెప్పిన టైర్ ప్రెషర్, ఒక్కరే మనిషి.

4. టైమింగ్ యాప్‌లో రోల్‌అవుట్ సెట్టింగ్ చూడండి. అది ఆన్‌లో ఉంటే మొదటి 30 సెం.మీ. లెక్కలోకి రాదు, టైమ్ సుమారు 0.2-0.3 సెకన్లు తక్కువ చూపిస్తుంది. కొన్ని కంపెనీలు ప్రకటించే అంకెలూ ఇలాంటివే.

5. మూసి ఉన్న ట్రాక్ మీదే, రెండు దిశల్లోనూ పరుగెత్తించి సగటు తీయండి.

అప్పటికీ తేడా ఉంటే రెండు కార్ల బరువులు చూడండి. పెద్ద బ్యాటరీ బరువు అదనపు పవర్‌ను తినేస్తుంది.