ఏడాదికి సరిపడా ఆహారం, నాలుగు రోజులకు సరిపడా డబ్బు

ప్రశ్న: నా వయసు 39. భార్య, ఇద్దరు పిల్లలు, మా అమ్మ నా మీదే ఆధారపడి ఉన్నారు. సంపాదన నా ఒక్కడిదే. ఆర్థిక వ్యవస్థ కుప్పకూలుతుందన్న భయంతో ఆరు నెలలుగా సిద్ధమవుతున్నాను. నాలుగు నెలల జీతానికి సమానమైన వ్యక్తిగత రుణం తీసుకుని, అందులో సగంతో బంగారు, వెండి నాణేలు, మిగతా సగంతో సోలార్ బ్యాటరీ, ఏడాదికి సరిపడా నిల్వ ఆహారం కొన్నాను. నీటి ఫిల్టర్లు, పనిముట్లు క్రెడిట్ కార్డు వాయిదాల మీద తీసుకున్నాను. ఆ వాయిదాల సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఇప్పుడు ఇంటి రుణం మీద టాప్-అప్ (అదనపు రుణం) తీసుకుని ఊరికి దూరంగా కొంత భూమి కొనాలనుకుంటున్నాను. 1923లో జర్మనీలో జరిగినట్టు కరెన్సీ విలువ పడిపోతే అప్పు కూడా కరిగిపోతుంది కదా?

జవాబు: మీ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. బ్యాంకులు మూతపడడం, ధరలు చేతికందకుండా పోవడం, ఉద్యోగాలు ఊడిపోవడం ఎన్నో దేశాల్లో జరిగాయి, మళ్లీ జరగవచ్చు; వాటిని తట్టుకునేలా ఇంటిని సిద్ధం చేసుకోవాలనుకోవడం బాధ్యత తెలిసిన మనిషి లక్షణమే. అయితే మీలాగే ఆలోచిస్తూ రాసేవారి ఉత్తరాలు నాకు తరచుగా వస్తున్నాయి, దాదాపు అందరూ చేస్తున్న పొరపాటు ఒకటే కనుక, మీ లెక్కలనే ముందు పెట్టుకుని అందరికీ కలిపి జవాబు రాస్తున్నాను. కష్టకాలానికి సిద్ధపడడం కోసం అప్పు చేయడమే ఆ పొరపాటు.

మీరు పంపిన నెలవారీ లెక్కను, జీతం 100 పాళ్లు అనుకుని మళ్లీ వేశాను. ఇంటి రుణం ఈఎంఐకి 24, వ్యక్తిగత రుణానికి 16, కార్డు వాయిదాలకు 7, మొత్తం 47 పాళ్లు అప్పులకే పోతున్నాయి. ఇంటి ఖర్చు 44 పాళ్లు. అందులోనూ 4 పాళ్లు నెలనెలా కొంటున్న కొత్త సామగ్రివే. చేతిలో మిగిలేది 9. పొదుపు ఖాతాలో ఉన్నది 12 పాళ్లు, అంటే నెల జీతంలో ఎనిమిదో వంతు కూడా లేదు. రేపు జీతం ఆగిపోతే మీకు నెలకు 91 పాళ్లు కావాలి, ఖాతాలో ఉన్నది నాలుగు రోజులకు సరిపోతుంది. నిల్వ చేసిన ఆహారమే తింటూ సరుకుల ఖర్చు పూర్తిగా మానేసినా అయిదో రోజు గడవడం కష్టం. ఏడాది పాటు ఆకలి తెలియకుండా ఉండేలా అరలు నింపుకున్న ఇంట్లో, మొదటి ఈఎంఐ తేదీని దాటడానికి డబ్బు లేదు. అరలో పేర్చిన డబ్బాలను చూసి ఏ బ్యాంకూ వాయిదా చెల్లినట్టు రాసుకోదు.

వ్యవస్థ కుప్పకూలడం అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ, ఒక కుటుంబం దాకా అది వచ్చే దారి చాలా మామూలుగా ఉంటుంది: ముందు జీతం ఆలస్యమవుతుంది, తర్వాత తగ్గుతుంది, ఆ తర్వాత ఆగుతుంది. మహా మాంద్యం రోజుల్లో, 1933 నాటికి అమెరికాలో పనిచేయాలనుకునే ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు. అయినా కోర్టులు నడుస్తూనే ఉన్నాయి, బాకీ కట్టలేనివారి ఇళ్లనూ పొలాలనూ వేలం వేస్తూనే ఉన్నారు. అన్నీ కూలిపోయినా అప్పు వసూలు చేసే యంత్రాంగం అన్నిటికంటే చివరగా కూలుతుందన్న సంగతి మీ ప్రణాళికలో ఎక్కడా లేదు.

ఇక అప్పు కరిగిపోతుందన్న వాదన. ఇందులో సగం నిజం ఉంది, అందుకే ఇంతమంది నమ్ముతున్నారు. 1923 నవంబరు నాటికి జర్మనీలో ఒక్క డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు (అక్కడి కరెన్సీ) ఇవ్వాల్సిన స్థితి వచ్చిందనీ, పాత బాకీలు చిత్తు కాగితాలతో సమానమయ్యాయనీ అనడం సరైనదే. కానీ అలా లాభపడింది, ధరలు ఎగబాకడానికి ముందే స్థిర వడ్డీకి దీర్ఘకాలిక అప్పు తీసుకుని, ఆ రోజుల్లోనూ రాబడి తెచ్చిపెట్టే పొలమో ఫ్యాక్టరీయో ఉన్నవారు. వారిలోనూ ఆస్తి తనఖా పెట్టినవారి అప్పులో నాలుగో వంతును 1925 నాటి చట్టం మళ్లీ నిలబెట్టింది. మీ ఇంటి రుణం మారే వడ్డీ మీద ఉంది. ధరలు అదుపు తప్పినప్పుడు కేంద్ర బ్యాంకులు చేసే మొదటి పని వడ్డీ పెంచడమే. 2022 ఏప్రిల్ 8న శ్రీలంక కేంద్ర బ్యాంకు బ్యాంకుల వడ్డీలకు ఆధారమైన విధాన రేట్లను ఒక్కరోజులోనే 7 శాతం పాయింట్లు పెంచింది. అలాంటి పెంపు మీ 24 పాళ్ల ఈఎంఐ మీద పడితే ఏమవుతుందో ఒక్కసారి లెక్క వేసుకోండి. ఐస్‌లాండ్‌లో 2008 అక్టోబరులో మూడు పెద్ద బ్యాంకులు కూలి, అక్కడి క్రోనా విలువ సగానికి దగ్గరగా పడిపోయినప్పుడు, విదేశీ కరెన్సీతో ముడిపెట్టిన కారు రుణాలు, ఇంటి రుణాలు తీసుకున్నవారి బాకీ కరగలేదు, దాదాపు రెట్టింపైంది. పైగా ప్రతి సంక్షోభంలోనూ ధరలు పెరుగుతాయన్న నియమం లేదు. 1929 నుంచి 1933 దాకా అమెరికాలో ధరలు సుమారు పావు వంతు పడిపోయాయి. జీతాలూ పంటల ధరలూ తగ్గాయి గానీ బాకీ అంకె మాత్రం తగ్గలేదు, అంటే అప్పు బరువు ఇంకా పెరిగింది. రాబోయేది ఏ రకం సంక్షోభమో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఒక రకం వస్తేనే, అదీ జీతం ఆగకపోతేనే పనికొచ్చే ఎత్తుగడ మీద అయిదుగురి భవిష్యత్తును పెట్టడాన్ని నేను సిద్ధపడడం అనలేను, అది పందెం.

కొన్నేళ్ల క్రితం నా దగ్గరికి వచ్చిన దంపతుల ఇంటికి ఒకసారి వెళ్లాను. వంటగదిలో పై అర నిండా మూత తీయని ఆహార డబ్బాలు పేర్చి ఉన్నాయి, గది మూలన అట్టపెట్టె కూడా విప్పని బ్యాటరీ ఉంది. ఒక డబ్బా కిందికి దించి చూస్తే దాని మీద గడువు తేదీ దాటి రెండు నెలలైంది. దాన్ని కొన్న కార్డు వాయిదాలు మాత్రం ఇంకా నాలుగు మిగిలే ఉన్నాయి. పిల్లలకు ఆ ఆహారం నచ్చలేదని ఎవరూ తినలేదు. అంతకు కొన్ని వారాల ముందే ఆయన ఉద్యోగం పోయింది. దేశంలో ఏ విపత్తూ రాలేదు, ఆయన పనిచేసే విభాగాన్ని మూసేశారు, అంతే. బ్యాటరీని సగం ధరకు కూడా కొనేవారు దొరకలేదు. ఆ రోజు వారికి కావలసింది మూడు నెలల ఖర్చు. ఆ సొమ్మంతా ఎక్కడికి పోయిందో ఆ పై అర చూస్తే తెలిసింది.

కాబట్టి మీ ఇంటికి మొట్టమొదట కావలసింది అత్యవసర నిధి. ఈఎంఐలు కలుపుకుని ఆరు నెలల మొత్తం ఖర్చుకు సరిపడా ఉండాలి. ఒక్కరి సంపాదన మీద నలుగురు ఆధారపడ్డ ఇల్లు కాబట్టి తర్వాత దాన్ని తొమ్మిది నెలలకు పెంచుకోవాలి. ఎంత ఉందన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ ఉందన్నదీ అంతే ముఖ్యం. సైప్రస్‌లో 2013 మార్చి 16న మూతపడ్డ బ్యాంకులు మళ్లీ 28న గానీ తెరుచుకోలేదు. తెరిచాక కూడా రోజుకు 300 యూరోలకు మించి ఇవ్వలేదు. గ్రీస్‌లో 2015 జూన్ 29 నుంచి మూడు వారాలు బ్యాంకులు మూసి, ఏటీఎంలో రోజుకు 60 యూరోల పరిమితి పెట్టారు. అర్జెంటీనాలో 2001 డిసెంబరులో వారానికి 250 పెసోలే తీసుకోనిచ్చారు. ఈ మూడు చోట్లా ఖాతాలో డబ్బు ఉన్నవారే వరుసల్లో నిలబడ్డారు. అందుకని రెండు నుంచి నాలుగు వారాల ఇంటి ఖర్చుకు సరిపడా నగదును చిన్న నోట్లుగా ఇంట్లోనే, తాళం వేసే చోట, నీరూ నిప్పూ తగలకుండా ఉంచుకోండి. చిన్న నోట్లు అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది: అలాంటి రోజుల్లో చిల్లర ఇవ్వగల దుకాణం దొరకదు. అంతకు మించి ఇంట్లో పెట్టవద్దు, దొంగతనానికీ అగ్నిప్రమాదానికీ పరిమితి పెట్టే చట్టం లేదు. మిగిలిన నిధిని వేర్వేరు బ్యాంకుల్లో రెండు ఖాతాల్లో, అడిగిన రోజే చేతికి వచ్చేలా ఉంచండి. ఒక బ్యాంకు ఇబ్బందుల్లో పడినా రెండోది పనిచేస్తుంది. ధరలు పెరిగి నిధి విలువ కొంత తరుగుతుంది, నిజమే. ఆ తరుగును నిశ్చింతకు కట్టే రుసుముగా భావించండి. ఇక్కడ వడ్డీ కోసం వెతకవద్దు.

నిధి ఎక్కడి నుంచి వస్తుందంటే, మీ నాణేల నుంచే. వాటిని కొన్న ధర 200 పాళ్లు. వ్యాపారి తరుగు, మార్జిన్ పోను 170 పాళ్లు వస్తాయనుకుందాం. అందులో 56 పాళ్లతో మిగిలిన ఎనిమిది కార్డు వాయిదాలను ఒకేసారి తీర్చేసి, ఆ కార్డును మూసివేయండి. మిగిలే 114 పాళ్లే మీ నిధికి మొదటి మొత్తం. వ్యక్తిగత రుణాన్ని ముందే తీర్చేద్దామని మీకు అనిపించవచ్చు, చాలామంది చేసే తొందరపాటు అదే. బ్యాంకుకు తిరిగి కట్టిన సొమ్ము ఉద్యోగం పోయిన రోజున వెనక్కి రాదు కనుక, నిధి మూడు నెలల ఖర్చుకు చేరేదాకా దాని జోలికి వెళ్లవద్దు. ఇప్పుడు మిగులుతున్న 9కి కార్డు వాయిదాల 7 కలిస్తే నెలకు 16 పాళ్లు నిధిలో వేయగలరు. తొమ్మిది నెలల్లో మూడు నెలల ఖర్చు జమ అవుతుంది. ఇలాగే కొనసాగితే, ఇప్పటి నుంచి రెండేళ్లలో వ్యక్తిగత రుణం దాని గడువుకు ముగిసేనాటికి నెలకు కావలసింది 68 పాళ్లకు దిగుతుంది, అప్పటికి మీ నిధి ఏడు నెలలకు పైగా సరిపోతుంది. ఆ తర్వాత బంగారం కావాలంటే కొనండి, కానీ సొంత డబ్బుతో, దీర్ఘకాలిక పొదుపులో చిన్న భాగంగానే. బంగారం ఎవరూ ముట్టుకోలేనిదేమీ కాదు. 1933 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం ఔన్సుకు 20.67 డాలర్ల చొప్పున చెల్లించి ప్రజల దగ్గరున్న బంగారాన్ని అప్పగించమని ఆదేశించింది.

నెలనెలా సామగ్రికి పెడుతున్న ఆ 4 పాళ్లను బీమా ప్రీమియానికి మళ్లించండి. మీకున్న ఆరోగ్య బీమా మీరు పనిచేసే సంస్థ ఇచ్చినదే, ఉద్యోగంతో పాటే అదీ పోతుంది; కుటుంబానికి సొంతంగా ఒకటీ, మీ పేరున టర్మ్ పాలసీ (గడువులోగా మరణిస్తే కుటుంబానికి సొమ్మిచ్చే జీవిత బీమా) ఒకటీ ఈ నెలలోనే తీసుకోవాలి.

ఆహారం విషయంలో మీ ఆలోచన తప్పు కాదు, పరిమాణమే తప్పు. యుద్ధం వస్తే ఏం చేయాలో ఇంటింటికీ పుస్తకం పంపిన స్వీడన్ కూడా ఒక వారానికి సిద్ధంగా ఉండమంటోంది, జర్మనీ పది రోజులంటోంది. మీరు రెండు మూడు వారాలకు, ఇంట్లో రోజూ తినేవే కొని, పాతవి ముందు వాడుతూ కొత్తవి వెనక పెట్టుకోండి. ఇప్పుడున్న నిల్వను అటకెక్కించకుండా గడువు తేదీల వరుసలో వండుకుంటే, వచ్చే కొన్ని నెలలు సరుకుల ఖర్చు తగ్గి నిధి ఇంకా త్వరగా నిండుతుంది. ఆహారం కంటే ముందు నీటిని చూసుకోండి. తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు కనీసం 4 లీటర్లు, అంటే మీ అయిదుగురికి రెండు వారాలకు 280 లీటర్లు. మీ సామగ్రి జాబితా రెండు పేజీలున్నా, నీళ్లు నిల్వ చేసే పాత్ర ఒక్కటీ అందులో కనిపించలేదు.

భూమి గురించి ఒక్క మాట చాలు: వద్దు. టాప్-అప్‌తో కొన్న స్థలం కోసం మీరు ఇప్పుడుంటున్న ఇంటినే మరింత తాకట్టులోకి నెడుతున్నారు, సంక్షోభంలో అన్నిటికంటే ఆలస్యంగా అమ్ముడయ్యేదీ స్థలమే. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదని రాశారు, ఇవ్వకండి.

నాణేలు అమ్మడానికి వెళ్లేముందు మీ భార్యతో కూర్చుని కార్డు వాయిదాలతో సహా మొత్తం లెక్క చూపించండి. మీరు అందుబాటులో లేని రోజున బ్యాంకు పని చూసేదీ, నగదు తీసి ఇల్లు నడిపేదీ ఆమే. రెండు ఖాతాల్లో ఒకటి ఇద్దరి పేరున ఉండాలి, అన్ని ఖాతాల్లోనూ పాలసీల్లోనూ నామినీ పేరు సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి, నగదు కవరు ఏ అరలో ఉందో, తాళం ఎక్కడుందో ఆమెకు తెలియాలి.