లంగరు కరెంటు కేబుల్‌కి తగిలితే జైలుకెళ్ళేది ఎవరు?

తమ్ముడూ, ఓడలో డెక్ క్యాడెట్‌గా (ఆఫీసరు శిక్షణకి) చేరబోతున్నానని, లంగరు పొరపాటున సముద్రం అడుగున కరెంటు కేబుల్‌ని తెంపితే ఆఫీసర్లని లోపలేస్తారా, నష్టం ఎవరు కడతారు అని అడిగావు. సెకండ్ మేట్‌గా (ఓడలో దారి, చార్టులు చూసే ఆఫీసరుగా) ఉన్నప్పుడు ఆ గండం అంచుదాకా వెళ్ళొచ్చాను.

నార్త్ సీలో ఒక రేవు బయట లంగరేసి ఉన్నాం. రాత్రి గాలి పెరిగి ఓడ జారింది. లంగరు ఎత్తబోతే గొలుసు బిగుసుకుపోయింది, గొలుసు లాగే యంత్రం విండ్‌లాస్ మూలుగుతోంది. చార్టు (సముద్ర పటం) చూస్తే పక్కనే మెజెంటా రంగు వంకర గీత, దానిమీద మెరుపు గుర్తు. హై వోల్టేజ్ కేబుల్! "ఇంకాస్త లాగుదాం సార్" అన్నాడు డెక్ సిబ్బంది పెద్ద బోసన్. కెప్టెన్ ససేమిరా అన్నారు. చోటు తెలియడానికి బోయా (తేలే గుర్తు) కట్టించి, గొలుసు చివరి పిన్ను కొట్టించేశారు. గొలుసంతా గడగడమంటూ నీళ్ళలోకి పోతుంటే తుప్పు ధూళి కళ్ళనిండా పడింది. వెంటనే లాగ్‌బుక్ తెమ్మన్నారు.

ఎందుకంటే 1982 ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం 115వ అధికరణ ప్రకారం, కేబుల్‌ని కాపాడటానికి లంగరు వదులుకుంటే కేబుల్ యజమాని పరిహారం ఇవ్వాలి. ముందు జాగ్రత్తలన్నీ తీసుకుని ఉండాలన్నది షరతు. రేవు చేరిన 24 గంటల్లో అధికారులకు చెప్పాలన్న నియమం 1884 నాటి టెలిగ్రాఫ్ కేబుళ్ళ ఒప్పందం నుంచే ఉంది.

తెంపితే? కావాలని గానీ, తప్పుపట్టదగ్గ నిర్లక్ష్యంతో గానీ చేస్తే నేరమే (113వ అధికరణ). జాగ్రత్తలన్నీ తీసుకున్నాక, ప్రాణాలో ఓడో కాపాడుకోబోయి తెగితే కాదు. డబ్బు సంగతి వేరే. అది ఓడ యజమాని మీద, ఆయన పీ అండ్ ఐ ఇన్సూరెన్స్ (ఇతరులకు జరిగే నష్టాలకు ఓడ యజమానులు చేసుకునే బీమా) మీద పడుతుంది, నీ జీతం మీద కాదు.

జైలు మాటకొస్తే ఈగిల్ ఎస్ అనే ట్యాంకర్ కేసు చూడు. 2024 డిసెంబరు 25న ఫిన్లండ్, ఎస్తోనియాల మధ్య 650 మెగావాట్ల కరెంటు కేబుల్ ఎస్ట్‌లింక్ 2 తెగింది. ఆ ట్యాంకర్ తన లంగరుని దాదాపు 90 కిలోమీటర్లు ఈడ్చుకుపోయిందని తేలింది. కెప్టెన్, ఇద్దరు ఆఫీసర్లు (ఒకరు మనదేశం వాడే) నెలల తరబడి ఫిన్లండ్ దాటలేకపోయారు. 2025 అక్టోబరులో హెల్సింకి జిల్లా కోర్టు, తెగింది తమ ప్రాదేశిక జలాల బయట కాబట్టి విచారించే అధికారం తమకు లేదని, అది ఓడ జెండా దేశానిదో (ఓడ నమోదైన దేశానిదో), నిందితుల స్వదేశాలదో అని కేసు కొట్టేసింది. నిర్దోషులని మాత్రం అనలేదు, గమనించు.

మా కేబుల్ తెగలేదు. కానీ లంగరు పరిహారమూ రాలేదు. చార్టులో గీత కనబడుతుంటే అంత దగ్గర్లో ఎందుకు వేశారని కేబుల్ వాళ్ళు అడిగారు. ఆ చోటు పెన్సిల్‌తో గుర్తుపెట్టింది నేనే.