సమన్లు అందకుండానే డిక్రీ వచ్చింది, జడ్జి మీద దావా వేయొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారి ఇంటి స్థలం మీద పాలివాళ్లు దావా వేశారు. నాకు సమన్లే అందలేదు. నా మాట వినకుండా ఎక్స్‌పార్టీ డిక్రీ ఇచ్చేశారు. ఆ జడ్జి మీద నష్టపరిహారానికి దావా వేయొచ్చా?

జవాబు: వేయలేరండి. మీ బాధ నాకు అర్థమైంది, ఎదుటివాడి మాట వినకుండా తీర్పు చెప్పకూడదన్నది న్యాయానికి మొదటి మెట్టు, మీ విషయంలో అదే తప్పిందంటున్నారు. అయినా దావా జడ్జి మీద నిలవదు.

దీనికి 1850 నాటి చట్టం ఒకటి ఇప్పటికీ అమల్లో ఉంది. జడ్జిగా ఇచ్చిన ఆర్డరు తన అధికార పరిధి దాటినా సరే, పరిధి ఉందని మనస్ఫూర్తిగా నమ్మి ఇచ్చి ఉంటే ఆయన మీద సివిల్ దావా కుదరదు. 1985లో వచ్చిన జడ్జీల రక్షణ చట్టం ఇంకా ముందుకెళ్లి, విధి నిర్వహణలో చేసిన పనికీ అన్న మాటకూ ఇప్పటి జడ్జి మీద గానీ రిటైరైన జడ్జి మీద గానీ సివిల్, క్రిమినల్ కేసు ఏదీ ఏ కోర్టూ తీసుకోకూడదంది. ప్రతి కేసులో ఒకరు ఓడిపోతారు కదా, ఓడినవాళ్లంతా జడ్జిని కోర్టుకు లాగితే ఏ జడ్జీ ధైర్యంగా తీర్పు రాయలేడు. ఇది నేను మనస్ఫూర్తిగా ఒప్పుకునే మాటే.

కోపంలో ఆయనకు లీగల్ నోటీసు మాత్రం పంపకండి! ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన ఒక కేసులో, తీర్పు దురుద్దేశంతో ఇచ్చారంటూ జడ్జికి నష్టపరిహారం నోటీసు పంపిన కక్షిదారుడిది కోర్టు ధిక్కారమేనని 1981లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇప్పుడు అసలు చేయాల్సింది వినండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 9 రూల్ 13 కింద, డిక్రీ ఇచ్చిన ఆ కోర్టులోనే దాన్ని రద్దు చేయమని సెట్ ఎసైడ్ పిటిషన్ వేయాలి. గడువు 30 రోజులే. సమన్లు సరిగా అందకపోతే ఆ 30 రోజులు డిక్రీ సంగతి మీకు తెలిసిన రోజు నుంచి లెక్క, దాటిపోతే ఆలస్యానికి కారణం చూపిస్తూ లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఇంకో పిటిషన్ కూడా కావాలి. ముందుగా కేసు కాగితాల సర్టిఫైడ్ కాపీలకు అప్లై చేసి, సమన్ల వెనక ఏం రాసుందో చూడండి: తీసుకోనన్నారనా, తలుపుకు అంటించామనా, పేపర్లో ప్రకటన ఇచ్చామనా? ఏ అడ్రసుకు పంపారు? మీరప్పుడు వేరే ఊళ్లో ఉంటే ఉద్యోగం కాగితమో, అద్దె అగ్రిమెంటో, గ్యాస్ బిల్లో ఏదైనా పనికొస్తుంది. అయితే వాయిదా తేదీ మీకు ముందే తెలుసని అవతలివాళ్లు రుజువు చేస్తే, సమన్లలో చిన్న లోపం ఉన్నంత మాత్రాన డిక్రీ పోదు, అందుకే మీ లాయరు దగ్గర ఏదీ దాచకండి. ఈలోగా వాళ్లు డిక్రీ అమలు చేయమని ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేసి స్వాధీనానికి వచ్చేలా ఉంటే స్టే పిటిషన్ కూడా వేయించండి.

జడ్జి లంచం తీసుకున్నారనో, అవతలివాళ్లతో కుమ్మక్కయ్యారనో మీ దగ్గర నిజంగా ఆధారముంటే అది వేరే దారి. కింది కోర్టుల మీద అజమాయిషీ రాజ్యాంగం 235వ అధికరణం ప్రకారం హైకోర్టుది, అఫిడవిట్‌తో, రుజువులతో అక్కడికి ఫిర్యాదు పంపొచ్చు. 1985 చట్టం కూడా హైకోర్టుకూ ప్రభుత్వానికీ అలాంటి జడ్జి మీద చర్య తీసుకునే అధికారం ఉంచింది. కానీ ఫిర్యాదు పెట్టినంత మాత్రాన డిక్రీ ఆగదు.

డిక్రీ సంగతి మీకు ఏ తేదీన, ఎవరి ద్వారా తెలిసిందో ఈ రోజే కాగితం మీద రాసిపెట్టుకోండి, లాయరు మొదట అడిగేది అదే.