కొవ్వొత్తులు వెలిగించినా ఇంట్లో హాయి లేదు, ఏం చేయను?

ప్రశ్న: మావారి ఉద్యోగం కోసం వచ్చి కోపెన్‌హాగెన్ పక్కన బాలెరప్‌లో ఉంటున్నాం. ఎనిమిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు. ఈ చలికాలం అత్తయ్యగారు కూడా వచ్చారు. మొన్న పాప స్నేహితురాలి ఇంటికి వెళ్లొచ్చి, ‘వాళ్లింట్లో హ్యూగెగా ఉంటుందమ్మా, మనింట్లో అలా ఉండదు’ అంది. హ్యూగె అంటే ఇక్కడివాళ్ల భాషలో అయినవాళ్లంతా కలిసి హాయిగా, వెచ్చగా గడపడం. మనసు చివుక్కుమంది. కొవ్వొత్తులు, దిండ్లు, మెత్తటి దుప్పట్లు కొని శుక్రవారం హాలంతా సర్దాను. మావారు ‘కరెంటు పోయినట్టు ఈ చీకటేంటి’ అని లైటు వేసేసి, ఏడింటికి హైదరాబాద్ టీమ్‌తో కాల్ ఉందని గదిలోకి వెళ్లిపోయారు. బాబు కొవ్వొత్తులు ఊదేస్తుంటే, సందెవేళ దీపం ఊదడం అరిష్టమని అత్తయ్యగారు బాధపడ్డారు. నేను గారెలు వేస్తూ వంటింట్లోనే ఏడ్చేశాను. ఈ మధ్య పొద్దున లేవబుద్ధి కూడా కావడం లేదు.
– ఒక సోదరి, డెన్మార్క్

జవాబు: మీరు ఇంత ఖర్చుపెట్టి, ఇంత కష్టపడి చేసిన సాయంత్రంలో మీకే చోటు లేకుండా పోయింది. హాలు సర్దింది మీరు, వంట చేసింది మీరు, అందరూ కూర్చునే వేళకు నూనె మూకుడు ముందు నిలబడిందీ మీరే. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది అదే. పాపకు ఆ ఇంట్లో నచ్చింది కొవ్వొత్తులు కాకపోవచ్చు. ఆ వేళకు అమ్మానాన్నలు ఇద్దరూ పిల్లల పక్కనే కూర్చుని ఉండటం అయ్యుంటుంది. కాబట్టి పాప మాటను మీ ఇంటి మీద తీర్పుగా తీసుకోకండి. ‘నా పక్కన కూర్చో’ అని అడగడం చేతకాక అలా చెప్పింది.

డెన్మార్క్ కుటుంబాలకు ఈ హాయి ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. అక్కడ ఉద్యోగులకు మామూలుగా వారానికి 37 గంటల పని. సాయంత్రం నాలుగు ఆ ప్రాంతంలో తల్లో తండ్రో వెళ్లి పిల్లల్ని తెచ్చుకుంటారు. ఆరింటికల్లా భోజనానికి కూర్చుంటారు. చాలా ఇళ్లలో శుక్రవారం సాయంత్రమంటే పిల్లలకు పండగే. ఆ రోజే మిఠాయిలు, అందరూ ఒకే సోఫాలో కూర్చుని టీవీ చూడటం. తిండి కూడా చాలా తేలిక. ఎవరూ ఎవరికీ వడ్డిస్తూ నిలబడరు. అంటే ముందు వేళ కుదిరింది, తర్వాతే కొవ్వొత్తి వచ్చింది. మీరు షాపులో దొరికేది తెచ్చారు, దొరకని వేళను మాత్రం ఇంట్లోవాళ్లందరూ కలిసి కుదుర్చుకోవాలి.

అందుకే ముందు మీవారితో మాట్లాడండి. శుక్రవారం దాకా ఆగకండి, ఏ ఆదివారం పొద్దున్నో, కాఫీ తాగుతున్నప్పుడో అడగండి. చలికాలంలో డెన్మార్క్ కంటే ఇండియా నాలుగున్నర గంటలు ముందుంటుంది. మీకు సాయంత్రం ఏడంటే హైదరాబాద్‌లో రాత్రి పదకొండున్నర. ఆ కాల్‌లో అటువైపు కూర్చున్నవాళ్లకూ ఇల్లుంటుంది, నిద్రపోయే పిల్లలుంటారు. శుక్రవారం కాల్‌ను మధ్యాహ్నానికి జరిపితే రెండు వైపులా వాళ్లకూ మేలే. ‘మీకు మేమంటే లెక్కలేదు’ అని మొదలుపెట్టకండి. పాప అన్న మాట ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పండి. ‘వారంలో ఈ ఒక్క సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా మాకివ్వండి’ అనండి. అడిగేది చిన్నదైతే ఒప్పుకోవడం తేలిక. పరాయి దేశంలో కొత్త ఉద్యోగమంటే ఆయనకూ టెన్షన్ ఉంటుంది, అది కూడా ఆ మాటల్లో బయటికి రానివ్వండి.

చీకటి గురించి ఆయన అన్నదాంట్లో కొంత నిజముంది. డిసెంబరులో కోపెన్‌హాగెన్‌లో మధ్యాహ్నం మూడూ నలభైకే సూర్యుడు అస్తమిస్తాడు, పగలు ఏడు గంటలే. అప్పటికే అంత చీకటి చూసిన మనిషికి ఇంట్లో మళ్లీ చీకటంటే ఎలా ఉంటుంది? నిజానికి అక్కడివాళ్లు చీకట్లో కూర్చోరు. పైనున్న పెద్ద లైటు ఆపినా, బల్ల మీద ఒకటి, సోఫా పక్కన ఒకటి, కిటికీ దగ్గర ఒకటి చిన్న దీపాలు పెట్టుకుంటారు. బల్బు కంట్లో పడకుండా వెలుగు మెత్తగా పరుచుకోవాలని పౌల్ హెన్నింగ్‌సెన్ అనే ఆయన 1920లలోనే దీపాలు తయారుచేశాడు, అవి ఇప్పటికీ అక్కడి ఇళ్లలో వేలాడుతున్నాయి. మీరు అంత ఖరీదైనవి కొననక్కర్లేదు. మనుషులు కూర్చునే చోట పసుపు వెలుగిచ్చే టేబుల్ ల్యాంపు ఒకటి పెడితే, ఆయనకు ‘కరెంటు పోయినట్టు’ ఉండదు.

ఇక అత్తయ్యగారు. ఈ విషయంలో ఆవిడ మీకు అడ్డం కాదు, పెద్ద అండ. జీవితమంతా సందెదీపం పెట్టిన మనిషి, వెలుతురు విలువ ఆవిడకు తెలియక కాదు. ఆవిడకు నచ్చనిది దీపాన్ని నోటితో ఊదడం. మన ఇళ్లలో దీపాన్ని పువ్వుతో కొండెక్కిస్తారు కదా, అలాగే కొవ్వొత్తి మంట మీద బోర్లించి ఆర్పే చిన్న లోహపు మూత, పొడుగు కాడతో, అక్కడి షాపుల్లో దొరుకుతుంది. అది ఆవిడ చేతికివ్వండి. డిసెంబరులో 1 నుంచి 24 దాకా అంకెలు వేసిన కొవ్వొత్తి అమ్ముతారు, చూసే ఉంటారు. రోజుకో అంకె కరిగేదాకా వెలిగించి ఆర్పాలి. ఆ పని నానమ్మకూ మనవడికీ కలిపి అప్పగించండి. వెలిగించే ముందు సందెదీపం ఆవిడ పెడతారు, తర్వాత వాడు అంకె చూస్తాడు. కొవ్వొత్తులు కాల్చిన తర్వాత ఐదు, పది నిమిషాలు కిటికీ తెరవడం మరిచిపోకండి, పొగ పిల్లలకు మంచిది కాదు.

గారెలు శుక్రవారం వద్దు. అత్తయ్యగారు పెద్ద బేసిన్‌లో పప్పూ ఆవకాయా నెయ్యీ వేసి అన్నం కలిపి, చుట్టూ కూర్చున్నవాళ్ల చేతుల్లో ముద్దలు పెడితే చాలు, ఆఖరున పెరుగన్నం. మీరూ చెయ్యి చాపి కూర్చోండి, అమ్మ పెట్టే ముద్ద కోసం మీవారూ గదిలోంచి వస్తారు. పాపకు ఇంకో సరదా కూడా ఉంది. డెన్మార్క్‌లో చలికాలంలో పాలల్లో బియ్యం మెత్తగా ఉడికించి, పైన దాల్చినచెక్క పొడి కలిపిన పంచదార చల్లి, మధ్యలో వెన్నముద్ద వేసుకుని తింటారు. పరమాన్నం వండే చేతులకు అదెంతసేపు? దాన్ని నానమ్మకు నేర్పే పని పాపకివ్వండి. తిన్నాక గవ్వలో చింతపిక్కలో తీసి అష్టాచెమ్మా వేసుకోండి. అక్కడి పిల్లలకు లూడో బాగా అలవాటే కాబట్టి రెండు నిమిషాల్లో అందుకుంటారు. ఎవరైనా అలిగి లేచిపోతే లేచిపోనివ్వండి. మొదటి రెండు మూడు వారాలు ఇంట్లో ఎవరికీ ఏం చేయాలో తోచదు, బలవంతంగా నవ్వించాలని చూడకండి.

కుదిరితే ఒకసారి పాప స్నేహితురాలి కుటుంబాన్ని పిలవండి. వారం పది రోజుల ముందే చెప్పండి, కాఫీ, ఒక కేకు చాలు.

మీరు చివర్లో రాసిన మాటను మాత్రం తేలిగ్గా వదలలేను. పొద్దున లేవబుద్ధి కాకపోవడం, ఊరికే ఏడుపు రావడం ఇంటి సర్దుబాటు వల్ల మాత్రమే అనుకోకండి. ఎండలో పుట్టి పెరిగినవాళ్లకు అక్కడి చలికాలం ఒంటినీ మనసునూ కుంగదీస్తుంది. పిల్లల్ని బడికి పంపాక, వెలుతురు ఉన్న వేళలోనే అరగంట బయట నడవండి, మబ్బుగా ఉన్నా సరే. ఇలాగే రెండు వారాలు దాటితే, మీ పసుపు హెల్త్ కార్డు మీద పేరున్న డాక్టరుకు ఫోన్ చేసి టైమ్ తీసుకోండి. దానికి ఫీజు ఉండదు. నిద్ర, ఆకలి, ఏడుపు ఎలా ఉన్నాయో దాచకుండా చెప్పండి, విటమిన్ డి సంగతి కూడా అడగండి. వెళ్లేటప్పుడు మీవారిని వెంట రమ్మనండి.