నైజీరియాలో ఇంగ్లీష్ ఒక్కటే చాలా?

"లాగోస్‌లో ఉద్యోగం వచ్చింది, అక్కడ ఏ భాష మాట్లాడతారు, ఇంగ్లీష్‌తో నెట్టుకు రాగలమా?" అని అడిగారు. ఆఫీసులో రాగలరు. గేటు దాటాక కష్టం. నేను అక్కడ నాలుగేళ్ళు ఒక గోడౌన్ లెక్కలు చూశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

లాగోస్ ఉన్న నైజీరియాలో 500కు పైగా భాషలున్నాయి. ఉత్తరాన హౌసా, ఆగ్నేయాన ఇగ్బో పెద్దవి. లాగోస్ మాత్రం యొరూబా నేల.

వెళ్ళిన రెండో నెలలో మైల్ 12 మార్కెట్‌కి వెళ్ళాను. ఉత్తరాది నుంచి టమాటాలు, ఉల్లిపాయలు లారీల్లో దిగేది అక్కడే. మిరపకాయలు అమ్ముతున్న ఒక పెద్దావిడ, మా అమ్మ వయసుంటుంది. నాకు వచ్చిన ఒక్క ముక్క "కారో" అని పలకరించాను, శుభోదయమని. ఆవిడ ముఖం తిప్పేసుకుంది. మా డ్రైవర్ ఇగ్బో అతను, చెవిలో మెల్లగా చెప్పాడు: "ఓగా (అంటే బాస్), ముందు 'ఎ' పెట్టాలి." ఆ 'ఎ' మన 'అండి' లాంటిది. అది లేకుండా చిన్నవాళ్ళనే పలకరిస్తారు. అంటే నేను ఆవిడని ఏకవచనంలో పిలిచాను! ప్రాణం చివుక్కుమంది. కాస్త వంగి "ఎ కారో, మా" అన్నాను, 'మా' అంటే మేడమ్. ఆవిడ ముఖమంతా నవ్వు. తూకం అయ్యాక ఇంకో గుప్పెడు మిరపకాయలు సంచిలో వేసి "జారా" అంది. కొసరన్నమాట!

వెంటనే పక్కనున్న హౌసా టమాటాల అతనితో పిడ్జిన్‌లో, అంటే ఇంగ్లీష్ మాటలతో అల్లుకున్న అక్కడి వాడుక భాషలో, బేరానికి దిగింది. ఆ పిడ్జిన్‌ని మనవాళ్ళు "బ్రోకెన్ ఇంగ్లీష్" అని తీసిపారేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. దానికీ ఒక వ్యాకరణం ఉంది. 2017 నుంచి బీబీసీ అందులో వార్తలు ఇస్తోంది. పని మీద బయటికి వెళ్తూ "ఐ డే కమ్" అంటారు, అచ్చం మనం "వస్తా" అని వెళ్ళినట్టు.

అక్కడి ప్రభుత్వం ప్రాథమిక పాఠశాలలో ఆరేళ్ళు మాతృభాషలోనే చెప్పాలని 2022లో విధానం తెచ్చి, 2025లో రద్దు చేసి మళ్ళీ ఇంగ్లీష్ అన్నారు. చాలా తప్పు. ఇంట్లో వినని భాషలో పిల్లాడికి లెక్కలు ఎలా ఎక్కుతాయి? మన ఊళ్ళలోనూ ఇదే గోల.

మీరు విమానం ఎక్కేలోపు పలకరింపులైనా నేర్చుకోండి. మధ్యాహ్నం "ఎ కాసన్". పనిలో ఉన్నవాళ్ళ పక్కనుంచి వెళ్తే "ఎ కు ఇషే". ఆ 'ఎ' మాత్రం మర్చిపోకండి.