హిమాలయన్ 411 మీద లేహ్ వెళ్లాలంటే గుబ్బల టైర్లు తప్పనిసరా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 మోటారు సైకిలు. జూన్‌లో హైదరాబాద్ నుంచి మనాలి మీదుగా లేహ్ వెళ్లి, వచ్చేటప్పుడు కుంజుమ్ కనుమ దాటి స్పితి లోయలోని కాజా చూసి రావాలి. వెనక సామాను ఉంటుంది. మిగతా ఏడాదంతా శనాదివారాల్లో వికారాబాద్, శ్రీశైలం వైపు తిరుగుతారు. పెద్ద గుబ్బల టైర్లు వేయించాలా, రోడ్డు టైర్లు సరిపోతాయా?

ముందు చక్రానికి 50-50 రకం (సగం తారుకు, సగం మట్టికి), వెనక 80-20 రకం (80 పాళ్లు తారుకు, 20 పాళ్లు మట్టికి) వేయించండి. ముందూ వెనకా ఒకే రకం ఉండాలన్న నియమమేమీ లేదు. ముందు చక్రం కంకరలో జారితే సర్దుకునే వ్యవధి ఉండదు, బండి పడిపోతుంది. వెనకది కాస్త అటూ ఇటూ ఊగినా థ్రాటిల్ నిలకడగా పట్టుకుంటే దారిలోకి వచ్చేస్తుంది. పైగా ఇంజన్ తోపుడూ, సామాను బరువూ పడేది వెనక టైరు మీదే. ముందుగా అరిగేదీ అదే.

కిలోమీటర్లు లెక్కేసి చూడండి. ఢిల్లీ మీదుగా లేహ్‌కి రానుపోను 5,000 పైచిలుకు. అందులో నిజంగా రాళ్లూ వాగులూ ఉన్న దారి, మనాలి రోడ్డు నుంచి కాజా దారి చీలే గ్రాంఫూ నుంచి కుంజుమ్ వైపుతో సహా, కొన్ని వందలు మించదు. మిగిలిందంతా తారు, సిమెంటు. ఝాన్సీ, గ్వాలియర్ దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటి రోడ్డు కాలుతుంటే, సామాను బరువుతో గంటకు 90లో పోయే పెద్ద గుబ్బలు మొదళ్ల దగ్గర వేడెక్కి, అంచులు తునిగి ఊడతాయి. కాంటినెంటల్ టీకేసీ 80 లాంటి మెత్తటి గుబ్బల టైరు వెనక వేసుకుని హైదరాబాద్ నుంచే బయల్దేరితే, అసలు పని పడే చోటికి చేరేసరికి నడిమి గుబ్బలు సగానికి దిగిపోతాయి. వెనక్కి మెట్జెలర్ టూరాన్స్ తరహా రోడ్డు టైరు చాలు. ముందుకి మిటాస్ ఈ-07 తరహా ట్రెడ్ నాకు నచ్చుతుంది.

వికారాబాద్ వైపు ఎర్రమట్టి, మొరం దారులకు ఈ జతే సరిపోతుంది. నల్లరేగడి మాత్రం వేరే సంగతి. వాన పడ్డాక ఆ మట్టి గుబ్బల మధ్య సందులన్నీ పూడ్చేస్తుంది, అప్పుడు ఎంత ఖరీదైన టైరైనా నున్నటి టైరే. హిమాలయన్‌కి ముందు టైరుకు దగ్గరగా కింది మడ్‌గార్డు కూడా ఉంది కదా, మట్టి అందులో ఇరుక్కుని చక్రం తిరగనివ్వదు. గుబ్బల టైరు బిగించాక అక్కడ వేలు దూరేంత సందు ఉందో లేదో చూడండి. వాన పడ్డ రేగడి చేల దారులను మానుకోవడమే మంచిది.

సైజు మార్చకండి: ముందు 90/90-21, వెనక 120/90-17. వెడల్పు టైరు బాగుంటుందని వేయిస్తే చైన్ వైపు సందు తగ్గుతుంది, మలుపుల్లో బండి బరువెక్కుతుంది. హైదరాబాద్ పుత్లీబౌలి బజారులో కొన్నా, షోరూంలో కొన్నా టైరు పక్కగోడ మీద అండాకారపు గడిలో ఉన్న చివరి నాలుగు అంకెలు చదవండి. 0825 అంటే 2025లో 8వ వారంలో తయారైందని. రెండేళ్లు దాటినది నేనైతే తీసుకోను. టైరు మోయగల బరువు చెప్పే లోడ్ అంకె 54 అంటే 212 కిలోలు, గరిష్ఠ వేగం చెప్పే అక్షరం ఎస్ అంటే గంటకు 180 కి.మీ. కంపెనీ టైరు మీదున్న లోడ్ అంకెకు తగ్గొద్దు.

గాలి విషయంలోనే ఎక్కువమంది తికమకపడతారు. ఎత్తైన చోటికి వెళ్తే టైరు పగులుతుందని భయపడి దారిలోనే గాలి తీసేస్తారు. లెక్క ఇదీ. హైదరాబాద్‌లో 35 డిగ్రీల వేడిలో వెనక 32 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టించారనుకోండి. 5,000 మీటర్ల ఎత్తులో బయటి గాలి ఒత్తిడి సుమారు 6 పీఎస్‌ఐ తగ్గుతుంది, గాలి కొలిచే మీటరు అంత ఎక్కువ చూపాలి. కానీ తెల్లవారుజామున సున్నా డిగ్రీల చలికి లోపలి గాలి కుంచించుకుని ఒత్తిడి సుమారు 5 పీఎస్‌ఐ తగ్గుతుంది. చెల్లుకు చెల్లు. మధ్యాహ్నం 20 డిగ్రీలకు 36 దగ్గర ఉంటుంది, దాంతో ప్రమాదమేమీ లేదు. అసలు ప్రమాదం తిరుగు ప్రయాణంలో ఉంది. పైన రాళ్ల కోసం 26కి దించి మరిచిపోతే, మైదానానికి వచ్చేసరికి 24 కూడా ఉండదు. ఆ గాలితో హైవే మీద వేగంగా పోతే టైరు పక్కగోడ వేడెక్కి పాడైపోతుంది. పొద్దున్నే, చక్రం చల్లగా ఉన్నప్పుడే చూసుకోండి.

రాళ్ల దారిలో గాలి తగ్గించడం మంచిదే, కానీ మీది ట్యూబ్ టైరు. 20 కన్నా దించకండి. అంతకన్నా తక్కువైతే రాయి తగిలినప్పుడు ట్యూబ్ రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. లేదా బ్రేకు వేసినప్పుడు టైరుతో పాటు ట్యూబ్ జరిగి వాల్వు మొదలు దగ్గర తెగుతుంది, దానికి ప్యాచ్ పడదు. అందుకే వాల్వు మీది నట్టును రిమ్ముకు బిగించకుండా పైకి, మూతకు ఆనించి ఉంచండి. ట్యూబ్ జరిగితే వాల్వు వాలినట్టు కనిపిస్తుంది, తెగేలోపే తెలుస్తుంది.

బిగించేటప్పుడు దగ్గరుండి చూడండి. రిమ్ములో స్పోకుల చివరి నట్లను (నిపుల్స్) కప్పే రబ్బరు పట్టీ చిరిగి ఉంటే మార్పించండి, కొత్త ట్యూబ్‌కు చిల్లు పెట్టేది తరచూ అదే. టైరు మీద బాణం చక్రం తిరిగే వైపుకే ఉండాలి. ట్యూబ్‌కు ముందుగా కొంచెం గాలి పట్టించి గుండ్రంగా నిలబెట్టాకే లోపల పెట్టాలి. టైరు అంచులో చివరి జానెడు భాగం లీవర్‌కు లొంగకపోతే బలం వాడొద్దు. ఎదురు వైపు టైరు అంచును రిమ్ము నడిమి గుంటలోకి మోకాలితో నొక్కితే ఇవతల వదులవుతుంది. చివరగా పక్కగోడ మీది సన్నటి గీత రిమ్ము చుట్టూ ఒకే దూరంలో కనిపించాలి. ఒకచోట లోపలికి దిగి ఉంటే గాలి తీసి, సబ్బు నీళ్లు రాసి మళ్లీ కొట్టించండి. లేకపోతే 60 దాటగానే హ్యాండిల్ ఊగుతుంది.

కొత్త టైరు మీద అచ్చు నుంచి వచ్చిన జిడ్డు పొర ఉంటుంది, మొదటి 150 కి.మీ. గట్టిగా వాలడం, హఠాత్తుగా బ్రేకు వేయడం వద్దు. బయల్దేరడానికి రెండు వారాల ముందే మార్చి శ్రీశైలం దాకా ఒకసారి వెళ్లొస్తే అదీ తీరుతుంది, బిగింపు లోపమూ బయటపడుతుంది. సామానులో రెండు ట్యూబులకు చోటు లేకపోతే 21 అంగుళాలదే పెట్టుకోండి. అవసరపడితే దాన్నే వెనక 17లో మడతపడకుండా సర్ది, నెమ్మదిగా పంక్చర్ షాపు దాకా చేరుకోవచ్చు. 17 అంగుళాలదాన్ని ముందు చక్రానికి లాగితే సాగి పలచబడి త్వరలోనే చిరుగుతుంది.