మీరిచ్చే ధైర్యమే ఆయన భయానికి మేత

ప్రశ్న: మా వారికి 41 ఏళ్లు. కరోనా రోజుల్లో పట్టుకున్న భయం ఇప్పటికీ వదల్లేదు. బయటి నుంచి ఏ ప్యాకెట్ వచ్చినా తుడిచి గానీ లోపలికి తేనివ్వరు. చేతులు పగిలి నెత్తురు వస్తున్నా కడగడం ఆపరు. పొద్దస్తమానం ఆక్సీమీటర్ పెట్టుకుని చూసుకుంటారు. ‘తలుపు గడియ ముట్టుకున్నావా? చేతులు కడుక్కున్నావా?’ అని గుచ్చి గుచ్చి అడుగుతారు. ఎనిమిదేళ్ల పాప స్కూలు నుంచి వస్తే స్నానం అయ్యేదాకా దగ్గరికి రానివ్వరు. గొడవెందుకని ఆయన చెప్పినట్టే చేస్తున్నాను. ఈమధ్య పాప కూడా తన పుస్తకాలు తుడుస్తోంది. ఏం చేయాలి?
- ఒక సోదరి

జవాబు: మీ వారిది చాదస్తమనో, మొండితనమనో అనుకోకండి. 2020లో ఆ భయానికి అర్థం ఉంది. వైరస్ ఎలా పాకుతుందో డాక్టర్లకే పూర్తిగా తెలియని రోజులవి. ప్యాకెట్లు అందరం తుడిచాం. ఇది ఎక్కువగా గాలి ద్వారానే సోకుతుందని తర్వాత తేలింది. వైరస్ ఉన్న వస్తువును ఒకసారి తాకితే సోకే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటి కంటే తక్కువని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2021 ఏప్రిల్‌లో చెప్పింది. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా ఎమర్జెన్సీ ముగిసిందనీ ప్రకటించింది. ఇవి మీ వారికి తెలియవా? మీకంటే, నాకంటే బాగా తెలిసి ఉంటాయి. తెలిసినా భయం తగ్గకపోవడమే అసలు చిక్కు. అందుకే వార్తలు చూపించి వాదించి లాభం లేదు.

గడియ తాకగానే ఆయనకు టెన్షన్ మొదలవుతుంది. చేతులు కడగ్గానే హాయిగా ఉంటుంది. ఆ హాయి వల్లే ‘కడుక్కున్నాను కాబట్టి బతికాను’ అని మనసు నేర్చుకుంటుంది. కడగకపోయినా ఏమీ అయ్యేది కాదని తెలుసుకునే అవకాశం దానికి రాదు. అందుకే మర్నాడు అదే గడియ ఇంకాస్త భయపెడుతుంది. మీరు ‘కడుక్కున్నానండీ’ అని చెప్పే జవాబు కూడా అలాంటిదే. పది నిమిషాలు నెమ్మదిస్తారు, మళ్లీ అడుగుతారు. చేసిన పనినే పదే పదే సరిచూసుకుంటే అనుమానం తీరదు సరికదా, మన జ్ఞాపకం మీద మనకే నమ్మకం తగ్గుతుందని ప్రయోగాల్లో తేలింది.

ఆక్సీమీటర్ సంగతీ అంతే. వేలు చల్లగా ఉన్నా, కాస్త కదిలినా అది చూపే ఆక్సిజన్ శాతం మారుతుంది. 98 కాస్తా 96 అయితే ఆరోగ్యవంతులు పట్టించుకోరు. ఆయనకు మాత్రం ఆ రాత్రంతా నిద్ర ఉండదు. డాక్టర్ ప్రత్యేకంగా చూసుకోమని చెప్పి ఉంటే తప్ప ఆ పరికరాన్ని బీరువాలో పెట్టేయడం మేలు.

అయితే రేపటి నుంచే అన్నీ ఒక్కసారిగా బంద్ చేయకండి. ఆయన బెంబేలెత్తిపోతారు, మీ మీద నమ్మకం పోతుంది. గొడవ లేని పూట చూసి ఇద్దరూ కూర్చోండి. ‘మీ భయం నాకు అర్థమవుతోంది. కానీ నా జవాబుల వల్ల అది పెరుగుతోంది. ఒక్కసారే చెబుతాను, మళ్లీ అడిగితే చెప్పను’ అని ముందే మాట్లాడుకోండి. ఆ తర్వాత ఆయన అడిగినప్పుడు విసుక్కోకుండా ‘ఇది మనం అనుకున్నదే కదా’ అనండి చాలు. మొదటి రోజుల్లో ఆయన టెన్షన్ పెరుగుతుంది. అది సహజమే. మీరు జాలిపడి మధ్యలో జవాబు చెబితే మాత్రం, గట్టిగా అడిగితే చెబుతుందని ఆయన మనసుకు అలవాటవుతుంది.

పాప విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. పుస్తకాలు తుడవమని మీరిద్దరూ ఆమెకు చెప్పకండి, ఆయన ప్రశ్నలకు ఆమెతో జవాబు చెప్పించకండి. స్కూలు నుంచి రాగానే చేతులు సబ్బుతో 20 సెకన్లు కడుక్కుంటే సరిపోతుంది. ఆ తర్వాత మీ ఒళ్లోకి తీసుకోండి, ఆయన చూస్తుండగానే.

ఇన్నేళ్లుగా సాగుతూ చేతులు పగిలేదాకా వచ్చింది కాబట్టి ఇది ఇంట్లో సర్దుకునే దశ దాటింది. ఇలాంటి ఆలోచనలు, పనులు రోజులో గంటకు మించి తినేస్తుంటే డాక్టర్లు ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, వాటి కోసం చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే మానసిక సమస్య) ఉందేమో చూస్తారు. దానికి మంచి చికిత్స ఉంది. భయపడే వస్తువును కొద్దికొద్దిగా తాకించి, వెంటనే కడగకుండా ఆగడం నేర్పిస్తారు. ముందు తేలికైనదానితో మొదలుపెడతారు, బలవంతం ఉండదు. అవసరమైతే మందులు ఇస్తారు. అవి బాగా పనిచేయడానికి 8 నుంచి 12 వారాలు పట్టొచ్చు. రెండు వారాలకే ‘గుణం లేదు’ అని మానేయనివ్వకండి. పగిలిన చేతులను చర్మ డాక్టర్‌కు చూపించండి. చర్మం చిట్లితే క్రిములు లోపలికి పోవడం తేలికని ఆ డాక్టర్ చెబితే వినవచ్చు. ఇంట్లో బ్లీచింగ్‌ను యాసిడ్ క్లీనర్‌తో కలిపే అలవాటు ఉంటే ఈ రోజే మాన్పించండి, విషవాయువు వస్తుంది.

సైకియాట్రిస్ట్ దగ్గరికి రానంటే బతిమాలుతూ నెలలు గడపకండి. ముందు మీరొక్కరే వెళ్లి, ఇంట్లో ఎవరు ఏం చేస్తున్నారో ఒక కాగితం మీద రాసి చూపించండి.